ఆటిజం ఉన్న పిల్లలకు ప్రభుత్వ సాయం: సర్టిఫికెట్ నుంచి గార్డియన్‌షిప్ దాకా తల్లిదండ్రులు తెలుసుకోవాల్సినవి

'మీ బాబుకు ఆటిజం ఉంది' అని డాక్టర్ చెప్పిన రోజు నుంచి ఆ ఇంట్లో రెండు లెక్కలు మొదలవుతాయి. ఒకటి థెరపీల లెక్క. స్పీచ్ థెరపీ, ఆక్యుపేషనల్ థెరపీ, బిహేవియర్ థెరపీ అంటూ ప్రైవేటు కేంద్రాల్లో నెలకు వేల రూపాయలు ఖర్చవుతాయి. రెండోది కాగితాల లెక్క. చాలా కుటుంబాలు మొదటిదాన్ని వెంటనే మొదలుపెట్టి, రెండోదాన్ని ఏళ్ల తరబడి వాయిదా వేస్తాయి.

ఇందుకు కారణాలు లేకపోలేదు. పిల్లాడి మీద 'వికలాంగుడు' అనే ముద్ర పడుతుందన్న భయం ఉంటుంది. 'పెద్దయ్యాక అదే సర్దుకుంటుంది' అని ఇంట్లో పెద్దవాళ్లు చెప్పే మాట ఉంటుంది. ఏ ఆఫీసుకు వెళ్లాలో, ఎవరిని అడగాలో తెలియని అయోమయమూ ఉంటుంది. కానీ చట్టం ఇచ్చిన దాదాపు ప్రతి హక్కుకూ మొదటి మెట్టు ఆ సర్టిఫికెట్టే. పింఛను, ఆరోగ్య బీమా, పరీక్షల్లో అదనపు సమయం, పన్ను మినహాయింపు, భవిష్యత్తులో ఉద్యోగ రిజర్వేషన్... అన్నీ దానితో ముడిపడినవే.

భారత్‌లో ఈ వ్యవస్థ ఎలా పనిచేస్తుంది? ఎక్కడ సులువుగా సాగుతుంది? ఎక్కడ చిక్కులొస్తాయి?

ఆటిజాన్ని చట్టం ఎప్పుడు గుర్తించింది?

1995 నాటి వికలాంగుల చట్టం 7 రకాల వైకల్యాలను మాత్రమే గుర్తించింది. ఆ జాబితాలో ఆటిజం లేదు. దాంతో అప్పట్లో ఆటిజం ఉన్న పిల్లలు సర్టిఫికెట్ కావాలంటే 'బుద్ధిమాంద్యం' పేరుతో తీసుకోవాల్సి వచ్చేది. తెలివితేటలు బాగానే ఉండి, మాటలోనూ నలుగురితో కలవడంలోనూ ఇబ్బందిపడే పిల్లలకు ఆ దారి కూడా ఉండేది కాదు.

1999లో వచ్చిన నేషనల్ ట్రస్ట్ చట్టం ఆటిజాన్ని పేరు పెట్టి ప్రస్తావించింది. ఆటిజం, సెరిబ్రల్ పాల్సీ, బౌద్ధిక వైకల్యం, బహుళ వైకల్యాలు ఉన్నవారి సంక్షేమం కోసం ఒక ప్రత్యేక సంస్థను ఏర్పాటు చేసింది. ఆ తర్వాత 2016లో చేసిన దివ్యాంగుల హక్కుల చట్టం వైకల్యాల సంఖ్యను 21కి పెంచి, అందులో ఆటిజం స్పెక్ట్రమ్ డిజార్డర్‌ను చేర్చింది. ఈ చట్టం 2017 ఏప్రిల్ 19 నుంచి అమల్లో ఉంది.

ఈ చట్టంలో గుర్తుపెట్టుకోవాల్సిన అంకె 40 శాతం. వైకల్యం 40 శాతం, అంతకన్నా ఎక్కువ ఉందని ప్రభుత్వ వైద్యాధికారులు ధ్రువీకరించినవారికే రిజర్వేషన్లు, పింఛను, స్కాలర్‌షిప్‌లు వంటివి వర్తిస్తాయి. వివక్షకు గురికాకుండా ఉండే హక్కు మాత్రం శాతంతో సంబంధం లేకుండా అందరికీ ఉంటుంది.

సర్టిఫికెట్ ఎక్కడ ఇస్తారు?

ప్రైవేటు ఆస్పత్రి లేదా థెరపీ కేంద్రం ఇచ్చే రిపోర్టు రోగ నిర్ధారణకు పనికొస్తుంది కానీ వైకల్య ధ్రువీకరణ పత్రంగా చెల్లదు. ప్రభుత్వం నోటిఫై చేసిన వైద్యాధికారులే దాన్ని ఇవ్వాలి. విదేశాల్లో కొన్నేళ్లుండి తిరిగొచ్చిన కుటుంబాలకూ ఇదే నియమం. అక్కడి రిపోర్టులను ఆధారంగా చూపించవచ్చు, సర్టిఫికెట్ మాత్రం ఇక్కడే తీసుకోవాలి.

2021 జూన్ 1 నుంచి దేశమంతటా ఈ సర్టిఫికెట్లను ఆన్‌లైన్‌లో, కేంద్ర ప్రభుత్వ స్వావలంబన్ పోర్టల్ ద్వారా జారీ చేయడం తప్పనిసరి చేశారు. దీనితోపాటే యూడీఐడీ కార్డు వస్తుంది. దీన్ని వైకల్యానికి సంబంధించిన ఆధార్ లాంటిది అనుకోవచ్చు. వైకల్యం 40 శాతం లోపు ఉంటే తెలుపు, 40 నుంచి 80 శాతం లోపు ఉంటే పసుపు, 80 శాతం, ఆపైన ఉంటే నీలం రంగు కార్డు ఇస్తారు.

తెలుగు రాష్ట్రాల్లో ఈ ప్రక్రియను జనం ఇప్పటికీ 'సదరం' అనే పిలుస్తారు. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో మొదలైన ఆ వ్యవస్థలో ముందుగా స్లాట్ బుక్ చేసుకుని, ఆ రోజున ప్రభుత్వ ఆస్పత్రిలో జరిగే క్యాంపుకు వెళ్లాలి. ఆంధ్రప్రదేశ్‌లో గ్రామ, వార్డు సచివాలయాల్లో, తెలంగాణలో మీసేవ కేంద్రాల్లో స్లాట్లు బుక్ చేస్తారు. సదరం క్రమంగా యూడీఐడీతో కలిసిపోతోంది. పాత సదరం సర్టిఫికెట్ ఉన్నవారు తమ వివరాలు యూడీఐడీలోకి చేరాయో లేదో చూసుకోవడం మంచిది.

సొంత జిల్లాలోనే దరఖాస్తు చేయాలన్న నిబంధన లేదు. నివాసముంటున్న జిల్లాలో గానీ, చికిత్స తీసుకుంటున్న ప్రభుత్వ ఆస్పత్రిలో గానీ చేసుకోవచ్చు. సర్టిఫికెట్ దేశమంతటా చెల్లుతుందని చట్టమే చెబుతోంది. బెంగళూరులోనో చెన్నైలోనో ఉంటున్న తెలుగు కుటుంబం అక్కడే తీసుకున్నా, హైదరాబాద్‌కో విశాఖపట్నానికో మారినప్పుడు మళ్లీ మొదటి నుంచి పరీక్షలు చేయించుకోవాల్సిన పనిలేదు.

2024లో సవరించిన నిబంధనల ప్రకారం దరఖాస్తు అందిన 3 నెలల్లోగా సర్టిఫికెట్ ఇవ్వాలి. గతంలో ఈ గడువు నెల రోజులే ఉండేది.

40 శాతాన్ని ఎలా లెక్కిస్తారు?

కాలు పొట్టిగా ఉంటే కొలవొచ్చు. చూపు ఎంత తగ్గిందో అక్షరాల చార్టుతో చెప్పొచ్చు. ఆటిజాన్ని ఎలా కొలవాలి?

దీనికి భారత్‌లో ఐఎస్ఏఏ అనే కొలమానాన్ని వాడతారు. దీన్ని రూపొందించింది సికింద్రాబాద్‌లోని జాతీయ సంస్థే. అప్పట్లో నిమ్‌హెచ్‌గా ఉన్న ఆ సంస్థను ఇప్పుడు ఎన్ఐఈపీఐడీ అంటున్నారు. ఈ కొలమానంలో 40 అంశాలు ఉంటాయి. నలుగురితో కలవడం, భావోద్వేగాలు, మాట, ప్రవర్తన, ఇంద్రియ స్పందనలు, గ్రహణశక్తి అనే 6 విభాగాలుగా వాటిని విడదీశారు. ఒక్కో అంశానికి 1 నుంచి 5 వరకు స్కోరు వేస్తారు. అంటే మొత్తం స్కోరు 40 నుంచి 200 మధ్య ఉంటుంది. 70 లోపు వస్తే ఆటిజం లేనట్లు లెక్క. 70 నుంచి 106 వరకు స్వల్పం, 107 నుంచి 153 వరకు మధ్యస్థం, అంతకు మించితే తీవ్రం.

ఈ స్కోరు పరిశీలన మీద, తల్లిదండ్రులు చెప్పే వివరాల మీద ఆధారపడుతుంది. చిక్కు ఇక్కడే వస్తుంది. క్యాంపు రోజున ఆస్పత్రిలో రద్దీ ఉంటుంది. పిల్లాడికి నిద్ర సరిపోకపోయినా, శబ్దాలు పడకపోయినా గొడవ చేయవచ్చు. లేదా ఎప్పుడూ లేనిది ఆ పావుగంట బుద్ధిగా కూర్చోవచ్చు. రెండు సందర్భాల్లోనూ డాక్టర్ చూసేది పిల్లాడి జీవితంలో ఒక చిన్న ముక్కను మాత్రమే.

అందుకే ఖాళీ చేతులతో వెళ్లకపోవడం మంచిది. రోగ నిర్ధారణ రిపోర్టు, థెరపిస్టులు రాసిన ప్రగతి నివేదికలు, బడి నుంచి టీచర్ రాసిచ్చిన పరిశీలన వెంట ఉండాలి. తిండి, నిద్ర, స్నానం, దుస్తులు వేసుకోవడం, రోడ్డు మీద ప్రవర్తన వంటి విషయాల్లో పిల్లలకు ఎంత సాయం కావాల్సి వస్తోందో ఒక పేజీలో రాసుకుని వెళ్లాలి. ఇంట్లో తీసిన చిన్న వీడియోలు కూడా ఉపయోగపడతాయి.

చాలామంది తల్లిదండ్రులు ఇక్కడ ఒక పొరపాటు చేస్తారు. బంధువుల ముందు, బడిలో అడ్మిషన్ కోసం ఏళ్ల తరబడి 'మావాడు బాగానే చేస్తాడు' అని చెప్పే అలవాటుతో డాక్టర్ దగ్గరా అలాగే చెబుతారు. 'అన్నం తనే తింటాడు' అన్న మాట వెనుక, పక్కన కూర్చుని గంటసేపు బతిమాలాల్సి వస్తుందన్న సంగతి మరుగున పడిపోతుంది. ఉన్నదాన్ని పెంచి చెప్పక్కర్లేదు. తగ్గించి చెప్పకపోతే చాలు.

చిన్న పిల్లలకు సాధారణంగా తాత్కాలిక సర్టిఫికెట్ ఇస్తారు. దాని మీద ఉన్న గడువు తేదీని మరిచిపోతే పింఛను నుంచి బీమా దాకా అన్నీ ఒకేసారి ఆగిపోయే ప్రమాదం ఉంది. శాతం తక్కువ వేశారనిపిస్తే, లేదా వైకల్యం లేదని తిరస్కరిస్తే, చట్టంలోని 59వ సెక్షన్ కింద రాష్ట్ర ప్రభుత్వం నిర్దేశించిన అధికారికి అప్పీలు చేసుకోవచ్చు.

పింఛను ఎంత? ఎవరికి?

ఆంధ్రప్రదేశ్‌లో దివ్యాంగుల పింఛన్‌ను 2024 జులై నుంచి నెలకు రూ. 3,000 నుంచి రూ. 6,000కు పెంచారు. పూర్తిగా మంచానికో వీల్‌చైర్‌కో పరిమితమైనవారికి ఇచ్చే రూ. 15,000 వేరే విభాగం. తెలంగాణలో 2023లో పింఛన్‌ను రూ. 3,016 నుంచి రూ. 4,016కు పెంచారు. 40 శాతం వైకల్యం ఉంటే పిల్లలూ అర్హులే. అయితే రెండు రాష్ట్రాల్లోనూ కుటుంబ ఆదాయ పరిమితి ఉంది. మధ్యతరగతి కుటుంబాలు చాలావరకు అక్కడే ఆగిపోతాయి.

కేంద్ర ప్రభుత్వ దివ్యాంగుల పింఛను పథకం పిల్లలకు వర్తించదు. 18 ఏళ్లు నిండి, దారిద్ర్య రేఖకు దిగువన ఉండి, 80 శాతం వైకల్యం ఉన్నవారికే అది వస్తుంది. అందులో కేంద్రం వాటా నెలకు రూ. 300.

పిల్లలను చూసుకోవడం కోసం ఉద్యోగం మానేసే తల్లులకు విడిగా భత్యం ఇచ్చే పథకాలు దేశంలో అరుదు. కేరళలో 'ఆశ్వాసకిరణం' పేరుతో సంరక్షకులకు నెలకు రూ. 600 ఇచ్చే పథకం ఉంది. మొత్తం చిన్నదే అయినా, ఇంట్లో చేసే ఆ చాకిరీని ప్రభుత్వం లెక్కలోకి తీసుకున్న ఉదాహరణ అది.

నిరామయ: తక్కువ ప్రీమియంతో బీమా

ఆటిజం ఉన్నవారి విషయంలో అందరికన్నా ముందు చేయాల్సిన దరఖాస్తుల్లో ఇదొకటి. నేషనల్ ట్రస్ట్ నడిపే ఈ ఆరోగ్య బీమా పథకంలో ఏడాదికి రూ. లక్ష వరకు కవరేజీ ఉంటుంది. చేరడానికి దారిద్ర్య రేఖకు దిగువన ఉన్నవారు రూ. 250, మిగతావారు రూ. 500 కట్టాలి. రెన్యువల్‌కు వరుసగా రూ. 50, రూ. 250. వయసు పరిమితి లేదు, ముందస్తు వైద్య పరీక్షలు ఉండవు, అన్నిటికన్నా ముఖ్యంగా ఆదాయ పరిమితి కూడా లేదు.

ఆస్పత్రిలో చేరినప్పుడే కాకుండా, ఓపీ వైద్యానికి, థెరపీలకు కూడా ఇందులో కొంత మొత్తం తిరిగి వస్తుంది. మామూలు ఆరోగ్య బీమా పాలసీల్లో థెరపీ ఖర్చులు రావడం కష్టం కాబట్టి ఇది పెద్ద తేడా. కాకపోతే లక్ష రూపాయలూ థెరపీకే వాడుకోలేరు, ఒక్కోదానికి ఒక్కో ఉపపరిమితి ఉంటుంది. ముందు ఖర్చుపెట్టి తర్వాత బిల్లులు సమర్పించాలి. పాలసీ ఏటా మార్చి 31తో ముగుస్తుంది. ఆ తేదీలోగా రెన్యువల్ చేయించుకోవాలి.

బిల్లులు ఇచ్చే థెరపిస్టుకు భారత పునరావాస మండలి రిజిస్ట్రేషన్ నంబర్ ఉందో లేదో మొదట్లోనే అడగాలి. గల్లీకో థెరపీ సెంటర్ వెలుస్తున్న ఈ రోజుల్లో నాణ్యతకూ అదే కనీస ఆధారం.

ఉచిత సేవల విషయానికొస్తే, జిల్లా ఆస్పత్రులకు అనుబంధంగా డీఈఐసీలు, అంటే జిల్లా సత్వర చికిత్సా కేంద్రాలు ఉన్నాయి. 2013లో మొదలైన రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం కింద ఇవి నడుస్తాయి. సికింద్రాబాద్‌లోని ఎన్ఐఈపీఐడీలోనూ చిన్న పిల్లల కోసం ప్రత్యేక కేంద్రం ఉంది. అన్ని జిల్లాల్లో సిబ్బంది ఒకేలా ఉండరు కాబట్టి వెళ్లేముందు కనుక్కోవాలి.

బడిలో చేర్చుకోమంటే?

'మా దగ్గర స్పెషల్ టీచర్ లేరండీ, వేరే స్కూల్ చూసుకోండి.' ఆటిజం ఉన్న పిల్లల తల్లిదండ్రులు తరచూ వినే మాట ఇది. చట్టం దృష్టిలో ఇది చెల్లే కారణం కాదు. ప్రభుత్వ నిధులు లేదా గుర్తింపు ఉన్న విద్యాసంస్థలు వివక్ష లేకుండా పిల్లలను చేర్చుకోవాలని దివ్యాంగుల హక్కుల చట్టంలోని 16వ సెక్షన్ చెబుతోంది. 40 శాతం వైకల్యం ఉన్న పిల్లలకు 6 నుంచి 18 ఏళ్ల వరకు దగ్గరి బడిలో గానీ, తమకు నచ్చిన ప్రత్యేక పాఠశాలలో గానీ ఉచిత విద్య పొందే హక్కును 31వ సెక్షన్ ఇచ్చింది. సాధారణ విద్యాహక్కు చట్టం 14 ఏళ్ల దగ్గర ఆగితే, ఇది 18 దాకా వెళ్తుంది.

ప్రైవేటు బడుల్లో 25 శాతం సీట్లు కేటాయించాల్సిన 'వెనుకబడిన వర్గాల' నిర్వచనంలో 2012 సవరణ ద్వారా వైకల్యం ఉన్న పిల్లలనూ చేర్చారు. బడి నిరాకరిస్తే ఆ మాటను కాగితం మీద రాసివ్వమని అడగడం మొదటి పని. నోటిమాటతో పంపేసే యాజమాన్యాలు చాలాసార్లు రాతపూర్వకంగా ఇవ్వడానికి వెనకాడతాయి. చట్టాన్ని ఉల్లంఘిస్తే తొలిసారి రూ. 10,000 వరకు, మళ్లీ చేస్తే రూ. 50,000 నుంచి రూ. 5 లక్షల వరకు జరిమానా ఉంటుంది.

ప్రభుత్వ బడుల్లో చదివే పిల్లలకు రెండు తెలుగు రాష్ట్రాల్లోనూ మండల స్థాయిలో 'భవిత' కేంద్రాలున్నాయి. సమగ్ర శిక్ష కింద ఒక్కో పిల్లకు ఏడాదికి రూ. 3,500 వరకు సాయం, ఆడపిల్లలకు అదనంగా 10 నెలలపాటు నెలకు రూ. 200 స్టైపెండ్ ఇచ్చే ఏర్పాటు ఉంది. మరీ ఇబ్బంది ఉన్నవారికి ఇంటి దగ్గరే బోధించే వెసులుబాటు కూడా ఉంది.

టీచర్ల కొరత మాత్రం నిజం. ప్రాథమిక స్థాయిలో ప్రతి 10 మంది ప్రత్యేక అవసరాల పిల్లలకు, ఆపై తరగతుల్లో ప్రతి 15 మందికి ఒక స్పెషల్ ఎడ్యుకేటర్ ఉండాలని సుప్రీంకోర్టు 2021లో చెప్పింది. ఆ పోస్టులను నోటిఫై చేయాలంటూ 2025లో మళ్లీ రాష్ట్రాలకు గుర్తు చేయాల్సి వచ్చింది.

పరీక్షల దగ్గరికొస్తే, సీబీఎస్ఈలో స్క్రైబ్, గంటకు 20 నిమిషాల చొప్పున అదనపు సమయం, రెండు భాషలకు బదులు ఒకే భాష చదివే అవకాశం ఉన్నాయి. ఇవి పరీక్ష ముందు రోజు అడిగితే వచ్చేవి కావు. 9వ తరగతి రిజిస్ట్రేషన్ నాటికే పిల్లల వివరాలు ఆ విభాగంలో నమోదయ్యేలా చూసుకోవాలి. మామూలు బడి ఏ మాత్రం కుదరనివారికి ఎన్ఐఓఎస్ సార్వత్రిక విద్య మరో దారి.

పన్నులో ఎంత మిగులుతుంది?

1961 నాటి ఆదాయపు పన్ను చట్టంలో 80డీడీ సెక్షన్ కింద, వైకల్యం ఉన్న బిడ్డను పోషిస్తున్నవారు ఏడాదికి రూ. 75,000 మినహాయింపు పొందవచ్చు. వైకల్యం 80 శాతం, ఆపైన ఉంటే రూ. 1,25,000. అసలు ఎంత ఖర్చయిందన్న దానితో సంబంధం లేకుండా పూర్తి మొత్తాన్ని క్లెయిమ్ చేసుకోవచ్చు. 20 శాతం శ్లాబులో ఉన్నవారికి రూ. 75,000 మీద రూ. 15,000, 30 శాతం శ్లాబులో రూ. 22,500 పన్ను తగ్గుతుంది. సెస్సు దీనికి అదనం.

ఇక్కడ రెండు మెలికలున్నాయి. ఒకటి, ఈ మినహాయింపు పాత పన్ను విధానంలోనే ఉంది. కొత్త విధానం ఎంచుకున్నవారికి రాదు. ఏది లాభమో రెండూ లెక్కవేసి చూసుకోవాలి. రెండు, ఆటిజం విషయంలో ఫారం 10-ఐఏ అనే ప్రత్యేక ధ్రువీకరణ కావాలి. పిల్లల న్యూరాలజిస్టు గానీ, ప్రభుత్వ ఆస్పత్రి సివిల్ సర్జన్ లేదా చీఫ్ మెడికల్ ఆఫీసర్ గానీ దాన్ని ఇవ్వాలి. 2025 నాటి కొత్త ఆదాయపు పన్ను చట్టం అమలుకు పెట్టిన తేదీ 2026 ఏప్రిల్ 1. ఆ తేదీ తర్వాతి ఆదాయానికి సెక్షన్ల, ఫారాల నంబర్లు మారతాయి కాబట్టి ఆడిటర్‌ను అడగడం మంచిది.

కేంద్ర ప్రభుత్వ ఉద్యోగులైన తల్లులకు, ఒంటరి తండ్రులకు 730 రోజుల శిశు సంరక్షణ సెలవు ఉంది. మామూలుగా బిడ్డకు 18 ఏళ్లు వచ్చేదాకానే దీన్ని వాడుకోవాలి. బిడ్డకు 40 శాతం వైకల్యం ఉంటే ఆ వయసు పరిమితి వర్తించదు. ఆటిజం ఉన్న బిడ్డను చూసుకుంటున్న కేంద్ర ఉద్యోగులు రొటీన్ బదిలీల నుంచి మినహాయింపు కోరవచ్చు. తల్లిదండ్రుల తర్వాత, సొంతంగా సంపాదించుకోలేని బిడ్డకు జీవితాంతం కుటుంబ పింఛను వస్తుంది. దీనికోసం బిడ్డ వివరాలు ఉద్యోగి సర్వీసు రికార్డుల్లో ముందే ఉంటే తర్వాత తిరగాల్సిన అవసరం తగ్గుతుంది.

రైలు టికెట్ దగ్గర వచ్చే ఇబ్బంది

యూడీఐడీ కార్డు చూపిస్తే రైల్లో రాయితీ వస్తుందని చాలామంది అనుకుంటారు. రైల్వే రాయితీ జాబితాలో దివ్యాంగులకు 4 విభాగాలే ఉన్నాయి: కదలికల వైకల్యం, పూర్తి అంధత్వం, వినికిడి-మాట రెండూ లేకపోవడం, తోడు లేకుండా ప్రయాణించలేని బౌద్ధిక వైకల్యం. ఆటిజం అనే పేరు విడిగా లేదు. చట్టం 21 వైకల్యాలను గుర్తించినా రైల్వే జాబితా ఆమేరకు పెరగలేదు. పిల్లలకు ఆటిజంతోపాటు బౌద్ధిక వైకల్యం కూడా ఉంటే, సర్టిఫికెట్‌లో అది నమోదయ్యిందో లేదో చూసుకోవాలి. ఆ విభాగంలో స్లీపర్, థర్డ్ ఏసీల్లో 75 శాతం రాయితీ, తోడు వచ్చేవారికీ అంతే రాయితీ ఉంటుంది.

18 నిండాక ఏమవుతుంది?

తల్లిదండ్రులు ఎక్కువగా మరిచిపోయేది, ఆలస్యంగా గుర్తొచ్చేది ఇదే. బిడ్డకు 18 నిండిన మరుక్షణం చట్టం దృష్టిలో తల్లిదండ్రులు సహజ సంరక్షకులు కారు. బ్యాంకు ఖాతా, ఆస్తి లావాదేవీలు, పత్రాల మీద సంతకాలు... ఎక్కడికెళ్లినా 'మీకేం అధికారం ఉంది?' అనే ప్రశ్న ఎదురవుతుంది. కన్నవాళ్లే అయినా గార్డియన్‌షిప్ కోసం దరఖాస్తు చేయాల్సిందే.

నేషనల్ ట్రస్ట్ చట్టం కింద జిల్లా కలెక్టర్ నేతృత్వంలోని లోకల్ లెవెల్ కమిటీ దీన్ని మంజూరు చేస్తుంది. కలెక్టర్‌తోపాటు ఒక రిజిస్టర్డ్ స్వచ్ఛంద సంస్థ ప్రతినిధి, వైకల్యం ఉన్న ఒక వ్యక్తి అందులో ఉంటారు. కోర్టుకు వెళ్లక్కర్లేదు. ఆటిజం ఉన్న ప్రతి ఒక్కరికీ గార్డియన్ అవసరం ఉండదు కూడా. తన విషయాలు తాను చూసుకోగలిగిన యువతీయువకులకు, కొన్ని నిర్ణయాలకే సాయం కావాల్సినవారికి 2016 చట్టం పరిమిత గార్డియన్‌షిప్‌ను ప్రతిపాదించింది. ఎంత సాయం కావాలో అంతే తీసుకోవాలన్నది దాని ఉద్దేశం.

ఈ వయసులోనే మరికొన్ని తలుపులు తెరుచుకుంటాయి. ప్రభుత్వ ఉన్నత విద్యాసంస్థల్లో 40 శాతం వైకల్యం ఉన్నవారికి 5 శాతం సీట్లు, 5 ఏళ్ల వయసు సడలింపు ఉన్నాయి. ప్రభుత్వ ఉద్యోగాల్లో దివ్యాంగులకు ఉన్న 4 శాతం రిజర్వేషన్‌లో 1 శాతం ఆటిజం, బౌద్ధిక వైకల్యం, అభ్యసన వైకల్యం, మానసిక అనారోగ్యం, బహుళ వైకల్యాలు ఉన్నవారికి కేటాయించారు.

ఎవరికి ఫిర్యాదు చేయాలి?

బడి, బ్యాంకు, ఆస్పత్రి, ప్రభుత్వ కార్యాలయం... ఎవరు హక్కును నిరాకరించినా రాష్ట్ర దివ్యాంగుల కమిషనర్‌కు రాతపూర్వకంగా ఫిర్యాదు చేయవచ్చు. కేంద్ర ప్రభుత్వ సంస్థల విషయమైతే దిల్లీలోని చీఫ్ కమిషనర్‌కు రాయాలి. దీనికి లాయర్ తప్పనిసరి కాదు. తేదీలు, జరిగింది జరిగినట్టు, జతపరిచిన కాగితాలు ఉంటే చాలు.

ఏ వయసులో ఏ పని?

6 ఏళ్ల లోపు: రోగ నిర్ధారణ రిపోర్టు చేతికొచ్చిన వెంటనే యూడీఐడీకి దరఖాస్తు. సర్టిఫికెట్ రాగానే నిరామయ, అర్హత ఉంటే పింఛను, పన్ను మినహాయింపు కోసం ఫారం 10-ఐఏ. దగ్గర్లోని డీఈఐసీలో నమోదు.

6 నుంచి 14 ఏళ్లు: బడి రికార్డుల్లో వైకల్యం నమోదు. తాత్కాలిక సర్టిఫికెట్ గడువు ముగియడానికి కొన్ని నెలల ముందే మళ్లీ స్లాట్. ఏటా మార్చిలో నిరామయ రెన్యువల్.

14 నుంచి 18 ఏళ్లు: బోర్డు పరీక్షల మినహాయింపులు. 9, 10 తరగతుల్లో ఉండి కుటుంబ ఆదాయం రూ. 2.5 లక్షల లోపైతే కేంద్ర ప్రీమెట్రిక్ స్కాలర్‌షిప్. గార్డియన్‌షిప్ అవసరమా కాదా అన్న విషయం మీద ఇంట్లో చర్చ. ఆ చర్చలో బిడ్డ ఇష్టాయిష్టాలకూ చోటుండాలి.

18 తర్వాత: అవసరమైతే లోకల్ లెవెల్ కమిటీకి దరఖాస్తు, బ్యాంకు ఖాతా మార్పులు, వీలునామా.

ఈ కాగితాలన్నీ ఒకే ఫైలులో పెట్టి, స్కాన్ కాపీలు ఫోన్‌లో ఉంచుకోవాలి. ఇంట్లో మరొకరికి, వీలైతే తోబుట్టువుకో పిన్నికో బాబాయికో, ఆ ఫైలు ఎక్కడుందో, అందులో ఏముందో చెప్పి ఉంచాలి. 'మా తర్వాత వీడి గతేంటి' అన్న ప్రశ్నకు ఏ కార్డూ పూర్తి జవాబు ఇవ్వలేదు. కానీ ఆ బాధ్యత తీసుకోబోయే మనిషి ఈ పనంతా మళ్లీ మొదటి నుంచి మొదలుపెట్టాల్సిన అవసరం ఉండదు.